ఆరో తరగతి బడి గురించి మేనకోడలికి

అమ్మా లక్ష్మీ,

ఆశీస్సులు. పిల్లని ఆరో తరగతికి ఎక్కడ వెయ్యాలని అడిగావు. ఫోనులో చెబితే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు, ఫీజుల మాట వచ్చిన చోట మరీను.

ముందు తారీకులు. "ఇప్పుడేగా ఐదులోకి వచ్చింది, ఇంకా ఏడాది ఉంది" అనుకోకు. నవోదయ అంటే కేంద్రం నడిపే హాస్టలు బడి, దాని దరఖాస్తు బడులు తెరిచాక, ఈ వానల రోజుల్లోనే నడుస్తుంది. పరీక్ష ఈమధ్య డిసెంబరు, జనవరుల్లో పెడుతున్నారు. కోరుకొండ సైనిక్ స్కూలుది దసరా దాటాక చూసుకోవాలి. సర్కారు మోడల్ స్కూలు, కస్తూర్బా (ఆడపిల్లల సర్కారు హాస్టలు బడి) ప్రకటనలు ఎండలు మొదలయ్యే వేళకి వస్తాయి. గురుకులాల సంగతి వేరు. అంబేడ్కర్ గురుకులాలైనా, బీసీ గురుకులాలైనా చేర్చుకునేది ఐదో తరగతిలో, పరీక్ష నాలుగు చదువుతుండగా రాయాలి. మన గుంటకి ఆ బండి వెళ్ళిపోయింది, ఖాళీలు మిగిలితే తప్ప. చిన్నోడు నాలుగే కదా, వాడికైనా ఈ ఏడు మర్చిపోకు.

నవోదయకి తప్పకుండా దరఖాస్తు పెట్టు. మీది రణస్థలం మండలం కాబట్టి శ్రీకాకుళం జిల్లాది, సరుబుజ్జిలి దగ్గర వెన్నెలవలసలో ఉన్నది. ఎస్.కోట దగ్గర కిల్తంపాలెంలోది విజయనగరం వాళ్ళది. పిల్ల ఐదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాదానికే రాయాలి. సీట్లు 80. అందులో నాలుగింట మూడు వంతులు తక్కువ కాకుండా పల్లె పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. ఈ పల్లె కోటా దగ్గరే చాలామంది చేతులారా పోగొట్టుకుంటారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలో చదివితేనే అది వర్తిస్తుంది. కోచింగు బాగుంటుందని ఐదులో శ్రీకాకుళం టౌను బడికి మార్చారా, కోటా పోయినట్టే. రెండోసారి రాయడానికి కూడా వీల్లేదు.

పరీక్ష 2 గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. బొమ్మలతో బుర్రకి పదును పెట్టేవి 40 ప్రశ్నలకి 50 మార్కులు, లెక్కలు 20కి 25, భాష 20కి 25. తెలుగులోనే రాయొచ్చు. తప్పుకి మార్కులు కొయ్యరు కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. సగం మార్కులు బొమ్మలవేనని చాలామందికి తెలీదు, లెక్కల మీదే పిల్లల్ని రుద్దుతారు. బొమ్మలు అలవాటుతో వచ్చేవి. రోజూ ముప్పావు గంట చొప్పున నాలుగు నెలలు చేస్తే చెయ్యి తిరుగుతుంది. లెక్కల్లో భిన్నాలు, క.సా.గు., శాతాలు, బారువడ్డీ ముందు చూడండి. ఇంకొకటి, జవాబు గుండ్రాలు బాల్‌పెన్నుతో దిద్దడం ఇంట్లోనే నేర్పు. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి జవాబు ఆ వరసలో దిద్దితే అక్కణ్ణించి అన్నీ తప్పులే.

వస్తే పంపాలా వద్దా అన్నది మీ ఇద్దరూ ఇప్పుడే తేల్చుకోండి. పదేళ్ళ పిల్ల హాస్టల్లో ఉండాలి. తొమ్మిదిలో కొందరిని ఒక ఏడాది హిందీ రాష్ట్రాల నవోదయకి పంపుతారు, ఆ సంగతి తెలిసే పెట్టండి.

కోరుకొండ మంచి బడే, ఇప్పుడు ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నారు. కానీ ఏడాదికి లక్ష దాటే ఖర్చు. పరీక్షలో 300కి 150 లెక్కలవే. మీకు నేను చెప్పను. కస్తూర్బాకి పరీక్ష లేదు గానీ తల్లో తండ్రో లేనివాళ్ళకి, బడి మానేసినవాళ్ళకి ముందు ఇస్తారు. మోడల్ స్కూలు పరీక్ష ఐదో తరగతి పాఠాల మీదే ఉంటుంది కాబట్టి అది రాయించు, పోయేదేం లేదు.

ఇవేవీ రాకపోతే మిగిలేవి రెండు: మీ జడ్పీ హైస్కూలు, లేదా హైవే మీద వేను వచ్చే ప్రైవేటు బడి. పదిమందిలో తొమ్మిదిమందికి అసలు ఎంపిక ఇదే. నా మాట ఏటంటే, బోర్డు చూడకు, లెక్కల మాస్టారు ఉన్నాడా లేడా చూడు. హైస్కూలుకి సోమవారమో గురువారమో పదకొండు గంటలకి వెళ్ళు. లెక్కలు, ఫిజికల్ సైన్సు, బయాలజీ, సోషల్, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఇన్నిటికీ స్కూల్ అసిస్టెంట్లు, అంటే ఆయా సబ్జెక్టుల మాస్టార్లు ఉన్నారా, ఎవరైనా డిప్యుటేషన్ మీద వేరే చోటికి పోయారా అని హెడ్‌మాస్టరుని అడుగు. లెక్కలో ఇంగ్లీషో ఏడాదిగా ఖాళీగా ఉంటే ఆ బడి గురించి మళ్ళీ ఆలోచించు. మిగతావి సర్దుకుంటాయి, ఆ రెండూ ఆరు, ఏడుల్లో వెనకపడితే పదిలో అందవు.

ఏడో తరగతి పిల్ల లెక్కల నోటు ఒకటి అడిగి తిప్పి చూడు. ఎర్రసిరా దిద్దుబాటు ఉందా, దిద్దాక పిల్ల మళ్ళీ చేసిందా? ప్రైవేటులో నోటు ముత్యాల్లా ఉంటుంది గానీ బోర్డు మీద నుంచి దించిందే ఎక్కువ. అందులో లెక్కే అంకెలు మార్చి చెయ్యమను, తెలిసిపోతుంది. పదో తరగతి ఫలితం గురించి 600కి 590 ఎవరికి వచ్చిందని అడగొద్దు. తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారు, పది ఎంతమంది రాశారు, ఎంతమంది గట్టెక్కారు, ఈ మూడు అంకెలు అడుగు. కొన్ని చోట్ల మొద్దుపిల్లల్ని తొమ్మిదిలోనే టీసీ ఇచ్చి పంపేసి నూటికి నూరు అని ఫ్లెక్సీ కడతారు. ఆడపిల్ల కదా, మరుగుదొడ్డికి లోపల గడియ ఉందా, నీళ్ళు వస్తున్నాయా నువ్వే వెళ్ళి చూడు. మగవాళ్ళకి ఇది తట్టదు.

వేను సంగతి. నాలుగు ఊళ్ళు తిరిగి 7కి ఎక్కించి సాయంత్రం 6కి దింపితే పిల్ల నిద్రపోతుంది, చదవదు. హైవే ఏ వైపు దింపుతారో, దాటించేవాళ్ళు ఉన్నారో లేదో చూసుకో. ఫీజు అంటే ట్యూషన్ ఫీజు ఒక్కటే చెబుతారు. పుస్తకాలు, రెండు జతల యూనిఫారం, వేను, పరీక్ష ఫీజు అన్నీ కాగితం మీద రాయించుకుని కూడు. ఎనిమిదో తరగతి దాకా చేర్చుకోడానికి పరీక్ష పెట్టడం, డొనేషన్ అడగడం విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. గుర్తింపు ఏ తరగతి దాకా ఉందో ఎంఈవో ఆఫీసులో అడిగితే చెబుతారు. ఎనిమిది దాకానే ఉండి పది నడిపే బడిలో వేస్తే పరీక్ష వేళకి వేరే బడి పేరు మీద రాయాల్సి వస్తుంది.

ఇక కాగితాలు. ఐదు అయ్యాక బడివాళ్ళు ఇచ్చే రికార్డు షీటులో పిల్ల పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తోనూ పుట్టిన సర్టిఫికెట్‌తోనూ అక్షరం అక్షరం సరిచూడు. అదే తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌కి ఎక్కుతుంది, తర్వాత మార్పించాలంటే చెప్పులు అరుగుతాయి. తేడా ఉంటే ఇప్పుడే హెడ్‌మాస్టరుని అడుగు.

నవోదయ దరఖాస్తుకి ఆయన సంతకం కూడా కావాలి. ఫొటో, ఆధార్ పిల్ల సంచీలో పెట్టి పంపకు, ఈ వానల్లో తడిసిపోతాయి. నువ్వే పట్టుకెళ్ళు.

ఇట్లు,
మీ మావయ్య