స్నీక్ అండ్ షో ఎదురైతే స్టార్మ్ డెక్‌తో ఎలా ఆడాలి?

మీరు అడిగింది ఇది: మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డు ఆటలో, పాత కార్డులనూ ఆడనిచ్చే లెగసీ ఫార్మాట్‌లో యాడ్ నాసియం టెండ్రిల్స్ (ఒకే టర్న్‌లో వరుసగా స్పెల్స్ వేసి, చివర టెండ్రిల్స్ కార్డుతో ముగించే స్టార్మ్ కాంబో డెక్) ఆడుతున్నారు, స్నీక్ అండ్ షో (షో అండ్ టెల్, స్నీక్ అటాక్ కార్డులతో భారీ క్రీచర్లను తక్కువ మానాకే, అంటే తక్కువ ఖర్చుకే, దింపే డెక్) ఎదురైతే తరచూ ఒక్క టర్న్ తేడాతో ఓడిపోతున్నారు. వాళ్లకంటే ముందే కాంబో కొట్టేయాలా, లేక ముందు డ్యూరెస్, థాట్‌సీజ్‌లతో (హ్యాండ్ చూసి ఒక కార్డు తీసేయించే స్పెల్స్) వాళ్ల హ్యాండ్ చెడగొట్టాలా?

నేను ఈ డెక్‌తో ఈ మ్యాచప్ చాలాసార్లు ఆడాను. వేగమా, అడ్డుకోవడమా అన్నది ముందే తేల్చుకుని కూర్చునే విషయం కాదు. అసలు చూడాల్సింది షో అండ్ టెల్ ఉందా లేదా అని కాదు, దాంతో ఏ కార్డు దిగబోతోంది అని.

షో అండ్ టెల్ 1998 నాటి కార్డు, హ్యాండ్‌లోని ఒక కార్డుని దాని ఖర్చు కట్టకుండా నేరుగా దింపనిస్తుంది. 2010లో ఎమ్రకూల్, 2012లో గ్రిసెల్‌బ్రాండ్ అనే భారీ క్రీచర్లు వచ్చాక దానికి కోరలు మొలిచాయి. ఏది దిగినా ఆట అయిపోయినట్టేనని చాలామంది చేతులెత్తేస్తారు. మన డెక్‌కి మాత్రం ఆ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఎమ్రకూల్ సంగతి ముందు చూద్దాం. షో అండ్ టెల్‌తో దింపితే దాన్ని కాస్ట్ చేసినట్టు (స్పెల్‌గా వేసినట్టు) కాదు, కాబట్టి కాస్ట్ చేస్తే వచ్చే ఎక్స్‌ట్రా టర్న్ రాదు. దిగిన టర్న్‌లో దాడీ చేయలేదు. అంటే మనకు ఒక టర్న్ నిక్షేపంగా దొరుకుతుంది. పైగా షో అండ్ టెల్ కోసం వాళ్లు ట్యాప్ చేసిన (మానా కోసం వాడేసిన) ల్యాండ్‌లు మన టర్న్‌లో కూడా ట్యాప్ అయ్యే ఉంటాయి. మన స్పెల్‌ని అడ్డుకునే స్పెల్ పియర్స్‌కో ఫ్లస్టర్‌స్టార్మ్‌కో కావాల్సిన ఒక్క నీలం మానా కూడా చాలాసార్లు మిగలదు. భయపడాల్సింది మానా లేకుండానే మన స్పెల్‌ని ఆపేసే ఫోర్స్ ఆఫ్ విల్ గురించే. అందుకే, నేను డ్యూరెస్ వేసినప్పుడు షో అండ్ టెల్, ఎమ్రకూల్, ఫోర్స్ కనిపించి, వచ్చే టర్న్‌లో కాంబో కొట్టే సత్తా నా హ్యాండ్‌కి ఉంటే, ఫోర్స్‌నే తీసేస్తాను. షో అండ్ టెల్‌ని వాళ్ల దగ్గరే వదిలేస్తాను. పక్కన నిలబడి చూసేవాళ్లకి పిచ్చిపనిలా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. నా హ్యాండ్ నెమ్మదిగా ఉంటే మాత్రం ఆ సాహసం చేయను, షో అండ్ టెల్‌నే తీస్తాను.

గ్రిసెల్‌బ్రాండ్ అలా కాదు. దిగీ దిగగానే ఏడు లైఫ్ కట్టి ఏడు కార్డులు తీస్తుంది. వాటిలో ఫోర్స్ ఉండదని ఆశపడటం ఒట్టి జూదం. ఇక్కడ నాకు మొహమాటం లేదు, షో అండ్ టెల్ కనిపిస్తే తీసేయడమే. డ్యూరెస్ క్రీచర్‌ని ముట్టుకోలేదు. థాట్‌సీజ్ గ్రిసెల్‌బ్రాండ్‌నే తీయగలదు, కాకపోతే మనకు రెండు లైఫ్ ఖర్చు. మానా కట్టకుండా స్పెల్స్ వేయనిచ్చే ఆమ్నిషియన్స్ ఆడే వెర్షన్ అయితే ఇంకా ఘోరం, అది దిగిన టర్న్‌లోనే ఆట ముగించగలరు. ఒక టర్న్ దొరుకుతుంది కదా అన్న లెక్క అక్కడ చెల్లదు.

అయినా గ్రిసెల్‌బ్రాండ్ దిగిపోయిందనుకోండి, వెంటనే కార్డులు సర్దేయకండి. వాళ్లు కట్టిన లైఫ్ మనకు లాభం. టెండ్రిల్స్ రెండు లైఫ్ తీస్తుంది, ఆ టర్న్‌లో దాని ముందు పడ్డ ప్రతి స్పెల్‌కీ ఒక కాపీ వస్తుంది, స్టార్మ్ అంటే అదే. మామూలుగా 20 లైఫ్‌కి టెండ్రిల్స్ ముందు తొమ్మిది స్పెల్స్ పడాలి. వాళ్లు ఏన్షియంట్ టూంబ్‌తో (మానా ఇస్తూ లైఫ్ తీసే ల్యాండ్) రెండు పోగొట్టుకుని, ఒకసారి ఏడు కట్టారంటే 11 దగ్గర ఉంటారు. ఇప్పుడు మన దగ్గర రెండు ల్యాండ్‌లు, డ్యూరెస్, డార్క్ రిచువల్, లోటస్ పెటల్, లయన్స్ ఐ డైమండ్, ఇన్ఫర్నల్ ట్యూటర్ ఉన్నాయి. ఒక ల్యాండ్‌తో డ్యూరెస్, రెండోదానితో రిచువల్, మూడు నల్ల మానా వస్తుంది. పెటల్, డైమండ్ రెండూ ఉచితం, పగలగొడితే మానా ఇస్తాయి, కాకపోతే డైమండ్ పగిలితే మన హ్యాండ్ మొత్తం పోతుంది. రెండు మానాతో ట్యూటర్ వేసి, అది ఇంకా స్టాక్‌లో (ఫలితం ఇవ్వకముందు) ఉండగానే డైమండ్ పగలగొడితే హ్యాండ్ ఖాళీ అవుతుంది, అలా ఖాళీగా ఉంటేనే ట్యూటర్‌తో డెక్‌లోంచి ఏ కార్డైనా వెతుక్కోవచ్చు. మిగిలిన ఒకటి, డైమండ్ మూడు, పెటల్ ఒకటి, మొత్తం ఐదు మానా. టెండ్రిల్స్‌కి నాలుగు చాలు. దాని ముందు ఐదు స్పెల్స్ పడ్డాయి కాబట్టి కాపీలతో కలిపి ఆరు, అంటే 12 లైఫ్. 11 మీద ఉన్నవాళ్లు అక్కడితో సరి. అదే వాళ్లు టూంబ్ ముట్టకుండా 13 మీద ఉంటే ఒక్క లైఫ్ తక్కువ పడుతుంది. అందుకే ఈ మ్యాచ్‌లో నేను వాళ్ల లైఫ్‌ని కాగితం మీద, ఎందుకు తగ్గిందో కూడా రాసుకుంటూ ఆడతాను. ఎదురుగా ఎమ్రకూల్ ఉండి వాళ్లు 18 మీద ఉంటే, అదే హ్యాండ్‌తో ఆ ఐదు మానాకి టెండ్రిల్స్ బదులు, లైఫ్ పోగొట్టుకుంటూ వరుసగా కార్డులు తీసే యాడ్ నాసియం వెతుక్కోవాలి.

ఇందులో ఒకే ఒక్క బలహీనమైన చోటు ఉంది. డైమండ్ పగిలాక ట్యూటర్‌కి ఫోర్స్ తగిలితే మన చేతిలో ఏమీ మిగలదు. డ్యూరెస్ ముందు పడేది అందుకే. దానికి జవాబుగా వాళ్లు ఇంకో ఏడు కట్టి కార్డులు తీసుకోవచ్చు, కానీ అప్పుడు నాలుగు లైఫ్‌కి దిగుతారు. ఫోర్స్ టెండ్రిల్స్‌కే తగిలితే పర్వాలేదు, అది అసలు కార్డుని ఆపుతుంది గానీ కాపీలు ఆగవు.

చాలామంది వదిలేసే ఇంకో సంగతి ఉంది. షో అండ్ టెల్ మనకూ ఒక కార్డు దింపుకునే హక్కు ఇస్తుంది. ఇద్దరూ ఎంచుకున్నాకే కార్డులు బయటపడతాయి, కాబట్టి మన కార్డు చూసి వాళ్లు మనసు మార్చుకోలేరు. మొదటి గేమ్‌లో మామూలుగా ల్యాండ్ దింపుతాను. డైమండ్ దింపితే అది కాస్ట్ చేసినట్టు కాదు, స్టార్మ్ లెక్కలో ఒకటి తగ్గుతుంది. సైడ్‌బోర్డ్ (గేమ్‌ల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) తర్వాత మాత్రం అసలు మజా జాంటిడ్ స్వార్మ్ అనే క్రీచర్‌తోనే. వాళ్ల టర్న్‌లో దిగింది కాబట్టి మన టర్న్ వచ్చేసరికి దాడికి సిద్ధంగా ఉంటుంది. అది దాడికి దిగగానే ట్రిగ్గర్ వస్తుంది, ఆ టర్న్‌లో వాళ్లు స్పెల్స్ వేయలేరు. గ్రిసెల్‌బ్రాండ్ దాన్ని బ్లాక్ చేసి చంపినా ఆ ట్రిగ్గర్ పోదు. డెక్ సగం తీసి చేతిలో పెట్టుకున్నా, వాళ్లు ఒక్క ఫోర్స్ కూడా వేయలేక చూస్తూ ఉండాల్సిందే. డిఫెన్స్ గ్రిడ్ కూడా మంచిదే, మన టర్న్‌లో వాళ్ల ప్రతి స్పెల్‌కీ మూడు మానా అదనం, ఫోర్స్‌ని లైఫ్ కట్టి వేసినా సరే. ల్యాండ్‌లన్నీ ట్యాప్ అయి ఉన్నవాళ్లకి ఆ మూడు ఎక్కడి నుంచి వస్తాయి? నేను మాత్రం స్వార్మ్‌కే ఓటేస్తాను, స్టార్మ్‌ని అడ్డుకునే మైండ్‌బ్రేక్ ట్రాప్‌ని కూడా అది పూర్తిగా ఆపేస్తుంది.

హ్యాండ్‌లోని క్రీచర్‌ని దింపి అదే టర్న్‌లో దాడి చేయించే స్నీక్ అటాక్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. నాలుగు మానా, పైన ఒక ఎర్ర మానా కావాలి కాబట్టి కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తే ఎమ్రకూల్ అప్పటికప్పుడే 15 కొడుతుంది. రెండు థాట్‌సీజ్‌లు, ఒక ఫెచ్ ల్యాండ్ (ఒక లైఫ్ కట్టి వేరే ల్యాండ్ తెచ్చుకునేది) వాడామంటే మనం సరిగ్గా 15 మీద ఉంటాం. మూడు ల్యాండ్‌లు కనిపిస్తున్న డెక్ మీద రెండో థాట్‌సీజ్ వేసేముందు ఒకసారి ఆగి లెక్క చూసుకోండి.

మల్లిగన్ (మొదటి హ్యాండ్ నచ్చకపోతే మార్చుకోవడం) విషయంలో నేను కాస్త కఠినంగానే ఉంటాను. డిస్కార్డ్ స్పెల్ లేని ఏడు కార్డులు మొదటి టర్న్‌లోనో రెండో టర్న్‌లోనో గెలిచేలా ఉంటేనే ఉంచుకుంటాను. కావాల్సిన కార్డులు వెతికే బ్రెయిన్‌స్టార్మ్, పాండర్, నాలుగు ల్యాండ్‌లు ఉన్న అందమైన హ్యాండ్ నిదానంగా ఆడే కంట్రోల్ డెక్‌ల మీద బాగుంటుంది, ఇక్కడ మాత్రం వెనక్కి పంపేస్తాను.