పోయింది రాబట్టుకున్నాకే ఇంట్లో చెబుదామనుకుంటున్నాను

బెంగళూరు మారతహళ్లి నుంచి ఓ 34 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రాశారు. రెండేళ్లుగా ఆప్షన్స్ ట్రేడింగ్ (షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని గడువు పెట్టుకుని వేసే పందెం లాంటిది) చేస్తున్నారు, లాభం వచ్చిన రోజు స్క్రీన్‌షాట్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెడతారు. మొత్తం మీద మాత్రం 11 లక్షలు పోయాయి, అందులో 6 లక్షలు పర్సనల్ లోన్, భార్యకు తెలియదు. ఆ స్క్రీన్‌షాట్లు చూసి నెల్లూరులో ఉన్న బావగారు "నా 3 లక్షలు కూడా తిప్పిపెట్టు" అంటున్నారట.

ముందు బావగారికి ఫోన్ చేసి డబ్బు పంపొద్దని చెప్పండి, ఈరోజే. కారణం అడిగితే "నేను నష్టాల్లో ఉన్నాను బావా" అనండి. ఆ డబ్బు కూడా పోతే అది మీ ఒక్కరి నష్టంగా ఉండదు, మీ అక్కగారి సంసారంలోకి వెళ్తుంది.

రాబట్టుకున్నాక చెబుతానన్నారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే. చెప్పాలంటే గెలవాలి, గెలవాలంటే ఇంకా పెద్ద మొత్తాలతో ట్రేడింగ్ చేయాలి, అలా మీకు మీరే గడువు పెట్టుకుని అప్పు పెంచుకుంటున్నారు. షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన లెక్క చూస్తే, మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసిన మామూలు వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. మీరు చేతకానివారేం కాదు, మీ గ్రూపులో నోరు విప్పనివాళ్లలో మీలాంటివాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

ఇక మీ ఆవిడ విషయం. శనివారం బాబు పడుకున్నాక కూర్చోండి. బ్రోకర్ యాప్‌లో రెండేళ్ల పీ అండ్ ఎల్ (లాభనష్టాల) స్టేట్‌మెంట్, బ్రోకరేజీ, పన్నులు అన్నీ పోను మిగిలిన అంకెతో సహా డౌన్‌లోడ్ చేసి, లోన్ స్టేట్‌మెంట్, క్రెడిట్ కార్డు బాకీ దాని పక్కన పెట్టి, 11 లక్షలు అని మొదటి వాక్యంలోనే చెప్పండి. దయచేసి ఇవాళ 4, వచ్చే నెల మిగతాది అని విడతలుగా మాత్రం చెప్పకండి, రెండోసారి బయటపడితే ఆవిడకి డబ్బు పోయినదానికన్నా అదే ఎక్కువ బాధ. కోప్పడతారు, ఏడుస్తారు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. కోపం తగ్గేదాకా ఆగండి, వెంటనే సర్దిచెప్పబోకండి. తర్వాత ఇద్దరూ కలిసి ఈఎంఐకి దారి చూడండి, జీతం ఖాతా కొన్నాళ్లు ఆవిడ చూస్తారంటే సరేననండి. ఈ నష్టాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించారో లేదో కూడా ఆడిటర్‌ను అడగండి, గడువులోగా వేస్తే 8 ఏళ్ల వరకు తర్వాతి వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు.

ట్రేడింగ్ యాప్ తీసేశాక కూడా మార్కెట్ తెరిచే తొమ్మిదింబావుకి చెయ్యి ఫోన్ వైపే పోతుంటే, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

గ్రూపులో అంకెలన్నీ పెట్టమని అడగను. "నేను పెట్టినవి లాభం వచ్చిన రోజులు మాత్రమే, మొత్తంగా పెద్ద నష్టంలో ఉన్నాను, నన్ను చూసి ఎవరూ డబ్బు పెట్టకండి" అని మాత్రం రాయండి. బావగారిలాగే అక్కడ ఇంకెవరైనా డబ్బు పెట్టబోతుంటే వాళ్లకి ఆ ముక్క ఇప్పుడే కావాలి.