పక్కవారి పొగ, పిల్లల కొలెస్ట్రాల్

ప్రశ్న: మా మామగారు రోజూ బాల్కనీలో సిగరెట్లు కాలుస్తారు. పదిహేనేళ్ల మా అమ్మాయికి రక్తపరీక్షలో మంచి కొలెస్ట్రాల్, అంటే హెచ్‌డీఎల్, 36 వచ్చింది. పొగే కారణమా?
– ఒక తల్లి, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: పొగ ఒక్కటే కారణమని చెప్పలేమండీ, అధిక బరువు, వ్యాయామం లేకపోవడం, వంశపారంపర్యం కూడా కావచ్చు. అయితే ఇంట్లో ఇతరుల పొగ పీల్చే పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, రక్తనాళాల నుంచి కొవ్వును కాలేయానికి చేర్చే హెచ్‌డీఎల్ తక్కువగా ఉంటున్నట్లు అధ్యయనాలు గుర్తించాయి. ఈ వయసులో అది డెసీలీటరుకు 40 మిల్లీగ్రాముల లోపుంటే తక్కువే. బాల్కనీలో కాల్చినా పొగ గదుల్లోకి చేరుతుంది, ఫ్యాను వేసినంత మాత్రాన పోదు. మనవరాలి రిపోర్టు చూపి మామగారితో గౌరవంగా మాట్లాడండి. మానాలనుకునేవారికి 1800-11-2356 ఉచిత నంబరు ఉంది. పాపకు పరగడుపు పరీక్ష మళ్లీ చేయించి, పిల్లల వైద్యులను సంప్రదించండి.