స్లాషర్‌ను (ట్రాక్టర్ వెనక తగిలించి గడ్డి కోసే యంత్రం) ఒక తోట నుంచి ఇంకో తోటకు తీసుకెళ్లేటప్పుడు పైకి లేపితే చాలా, పీటీఓ (ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని వెనకున్న యంత్రానికి అందించే భాగం) కూడా ఆపాలా?

పీటీఓ తప్పకుండా ఆపాలి, బ్లేడ్లు పూర్తిగా నిలిచాకే స్లాషర్‌ను పైకి లేపి కదలాలి.

ట్రాక్టర్ నుంచి స్లాషర్‌కు శక్తి చేరేది పీటీఓ షాఫ్ట్ ద్వారా. హైడ్రాలిక్ లివర్ ఎత్తును మారుస్తుందే తప్ప ఆ షాఫ్ట్‌ను ఆపదు. పైగా లేపినప్పుడు షాఫ్ట్ వంపు బాగా పెరుగుతుంది, ఆ వంపులో తిరిగితే క్రాస్ జాయింట్లు (షాఫ్ట్ వంగే చోట ఉండే కీళ్లు) కొట్టుకుని విరిగిపోవచ్చు. అసలు భయం మాత్రం రాళ్లతోనే. ట్రాక్టర్ పీటీఓ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. గేర్‌బాక్స్ వేగం పెంచకపోయినా, 5 అడుగుల వెడల్పు కోసే స్లాషర్‌లో బ్లేడు కొస వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. గడ్డిలో ఉన్నంతసేపు ఎగిరే రాయికి గడ్డి కొంత అడ్డు. పైకి లేపాక అదీ ఉండదు.

ఉదాహరణకు, మామిడి తోటలో కోత అయ్యాక రోడ్డు దాటి అవతలి తోటలోకి వెళ్లాలి. గేటు దగ్గరే పీటీఓ ఆపి, బ్లేడ్ల చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, అప్పుడు లేపాలి. సొంత చక్రాలున్న రకమైతే హిచ్ పిన్‌కు (ట్రాక్టర్‌కు తగిలించే పిన్) క్లిప్పు, రవాణా లాక్ కూడా చూసుకోవాలి.

చాలామంది పొరపడేది ఒక్కచోట: పీటీఓ లివర్ తీయగానే బ్లేడ్లు ఆగాయనుకుంటారు. బరువైన బ్లేడ్లు ఆ ఊపుకే ఇంకా కాసేపు తిరుగుతాయి. చుట్టుకున్న గడ్డి తీయాలంటే ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, స్లాషర్‌ను నేలకు దించాకే చెయ్యి పెట్టండి.