టెక్ సందేహాలు: అటక మీది బొమ్మలకు ఆన్‌లైన్ బేరం

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాత బొమ్మల అమ్మకం గురించే. పండగకు ఇళ్లు దులిపినట్టున్నారు. అందుకే ప్రింటర్ల మొరాయింపులు, వైఫై బాధలు వచ్చే వారానికి వాయిదా.

ప్రశ్న: ఇల్లు మారుతూ అటక ఖాళీ చేస్తే నా చిన్నప్పటి బొమ్మల పెట్టె బయటపడింది. చిన్న కార్లు ముప్పై దాకా, జీఐ జో సైనికులు డజను, చిప్స్ ప్యాకెట్లలో వచ్చిన టాజోలు, కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఇంతవరకు ఏమీ అమ్మలేదు. ఏ యాప్‌లో పెడితే మంచిది? ఎంత రావచ్చు? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: యాప్ సంగతి చివర చూద్దాం. ముందు ఆ బొమ్మల్ని సబ్బునీళ్లలో ముంచకండి. తళతళలాడితే ధర పెరుగుతుందని చాలామంది మొదట చేసే పని అదే. స్టిక్కర్లు ఊడిపోతాయి, ఇరుసుల దగ్గర తుప్పు మొదలవుతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. పెచ్చులూడిన చోట గోళ్ల రంగు పూయాలన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. సేకరణ పిచ్చి ఉన్నవాళ్లు అసలు రంగు మీది గీతల్ని క్షమిస్తారు గానీ, పైన పూసిన కొత్త రంగును క్షమించరు.

తర్వాత కార్లను తిరగేయండి. హాట్ వీల్స్, మ్యాచ్‌బాక్స్ కార్ల జాతకమంతా అడుగునే ఉంటుంది: కంపెనీ పేరు, నమూనా పేరు, దేశం, సంవత్సరం. అక్షరాలు మరీ చిన్నవి, పైగా లోహం మీద లోహం రంగులోనే ఉంటాయి. గదిలో లైటు ఆర్పి, ఒక ఫోను టార్చిని పక్కవాటుగా పట్టి, మరో ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నీడలు పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి.

ఇక్కడొక తిరకాసు ఉంది. అడుగున ఉన్న సంవత్సరం సాధారణంగా ఆ నమూనా అచ్చుకు కాపీరైట్ తీసుకున్న ఏడాది. అదే అచ్చుతో పదేళ్ల తర్వాత కూడా కార్లు పోసి ఉండవచ్చు. బార్బీ బొమ్మ నడుము వెనక 1966 అని చూసి నిధి దొరికిందని మురిసిపోయేవాళ్లదీ ఇదే కథ. కాబట్టి సంవత్సరం కన్నా దేశం, కంపెనీ పేర్లు ఎక్కువ చెబుతాయి. మ్యాచ్‌బాక్స్ కార్లను 1953లో మొదలుపెట్టిన ఇంగ్లండ్ కంపెనీ లెస్నీ 1982లో దివాలా తీసింది. అందువల్ల ‘లెస్నీ’, ‘ఇంగ్లండ్’ అని ఉన్న కారు వయసు దాదాపుగా నలభై దాటినట్టే. హాట్ వీల్స్ మీద ‘లియో’, ‘ఇండియా’ అని ఉందేమో ప్రత్యేకంగా వెతకండి. మన దేశంలో తయారైన ఆ కార్ల కోసం చూసే సేకర్తలు బయటి దేశాల్లోనూ ఉన్నారు.

మీ సైనికులదీ అదే తీరు. ఎంఆర్ఎఫ్ వారి ఫన్‌స్కూల్ మన దగ్గర తయారుచేసిన జీఐ జో బొమ్మల్లో కొన్నింటి రంగులు అమెరికా బొమ్మల రంగులకు భిన్నంగా ఉండేవి. అందుకే విదేశీ సేకర్తలకు వాటి మీద మోజు. నడుము దగ్గర రెండు ముక్కలైన సైనికుడు ఉంటే చెత్తబుట్టలో వేయకండి. ఛాతీకీ కాళ్లకూ మధ్య లోపల ఒక నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండి తెగిపోతుంది. వీపు మీది చిన్న స్క్రూ విప్పితే ఛాతీ రెండు చిప్పలుగా విడుతుంది, కొత్త రింగు వేసి బిగించవచ్చు. రింగులు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. మార్చిన సంగతి ప్రకటనలో చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు. ఇంకో జాగ్రత్త: ఫొటో బాగుంటుందని తుపాకీని బలవంతంగా చేతిలో దూర్చకండి. ఆ ప్లాస్టిక్ బొటనవేలు పెళుసుబారి ఉంటుంది, టక్కున విరుగుతుంది. దానితో పాటే ధరా పడిపోతుంది. తుపాకీలు, శిరస్త్రాణాలు, వీపు సంచులు పెట్టె అడుగున చెత్తలో కలిసి ఉంటాయి. ఒక పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టెను బోర్లించి వెతకండి. సరంజామాతో ఉన్న బొమ్మకూ ఉత్త బొమ్మకూ ధరలో చాలా తేడా ఉంటుంది.

ఏదేమిటో తెలియకపోతే గూగుల్ లెన్స్ వాడండి, కానీ పూర్తిగా నమ్మకండి. పాత అచ్చుతో మళ్లీ వచ్చిన కొత్త కారును చూపించి అదే ఇది అంటుంది. పక్కనుంచి ఒకసారి, అడుగు నుంచి ఒకసారి చూపించి రెండు జవాబులూ పోల్చుకోండి.

ఇక ధర. ఎవరో ఒక కారును లక్ష రూపాయలకు పెట్టారని మీకు బంధువులెవరో లింకు పంపే ఉంటారు. అడిగే ధర ఎంతైనా అడగవచ్చు, దానికి ఖర్చు లేదు. మీకు కావలసింది ఎవరైనా నిజంగా చెల్లించిన ధర. ఇబే అంతర్జాతీయ సైట్‌లో వెతికాక వడపోతల్లో ‘సోల్డ్ ఐటమ్స్’ ఎంచుకోండి. ఇటీవల అమ్ముడైన వస్తువులే, అమ్ముడైన ధరలతో కనిపిస్తాయి. ఒక్క పెద్ద ధర చూసి ఆగకుండా మీ బొమ్మ ఉన్న స్థితిలోనే ఉన్న నాలుగైదు చూసి మధ్యస్థంగా ఒక అంకె వేసుకోండి. అది డాలర్లలో, అక్కడి కొనుగోలుదారు ఇచ్చిన ధర. ఇక్కడ అంతే వస్తుందని పట్టుబట్టకండి.

ఇప్పుడు విడదీయండి. మంచివి ఐదారు విడివిడిగా, మిగతా కార్లన్నీ ఒకే గంపగుత్తగా. టాజోలు, కార్డులు కూడా గుత్తగానే. ఒక్కో టాజోకు ఒక్కో ప్రకటన రాస్తూ కూర్చుంటే మీ సమయానికి కూలి కూడా గిట్టదు. కార్డులకు ఇన్నాళ్లూ రబ్బరు బ్యాండు వేసి ఉంచారా? అంచుల్లో నొక్కు పడి ఉంటుంది, అది ఫొటోలో చూపించండి. ‘మొత్తం పెట్టె ఇచ్చేయండి, ఇప్పుడే డబ్బిస్తా’ అనేవాళ్లు మొదటి రోజే తగులుతారు. వాళ్లలో నిజాయతీపరులూ ఉంటారు, కానీ పెట్టెలో ఏముందో మీకంటే వాళ్లకు ముందు తెలియకూడదు.

చివరగా యాప్. గుత్త సరుకును ఓఎల్ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో పెట్టి ఊళ్లోనే చేతికి చేతికి అమ్మండి. మంచివాటిని ఫేస్‌బుక్‌లో డైకాస్ట్ (అచ్చులో పోసిన లోహపు) కార్లు, పాత బొమ్మలు సేకరించేవాళ్ల గుంపుల్లో పెట్టండి. సరుకు తెలిసినవాళ్లు అక్కడే ఉంటారు. చేరగానే పెట్టకుండా వారం రోజులు ఎవరు ఏం కొంటున్నారో చూడండి. ఇబే భారతీయ సైట్ 2018లోనే మూతపడింది. అంతర్జాతీయ సైట్‌లో ఇక్కడి నుంచి అమ్మవచ్చు గానీ అది ఎగుమతి వ్యవహారం, ఐఈసీ (ఎగుమతి, దిగుమతులు చేసేవాళ్లు తీసుకునే) కోడ్ దగ్గర మొదలవుతుంది. ఒక పెట్టె బొమ్మల కోసం నేనైతే అంత దూరం వెళ్లను.

ప్రశ్న: ఫొటోలు ఎలా తీయాలి? ప్రకటనలో ఏం రాయాలి? నా ప్రకటనను వంద మంది చూశారు, ఒక్కరూ అడగలేదు. (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: మీరు పంపిన ప్రకటన చూశాను: ‘చాలా పాత అరుదైన బొమ్మ కారు, మంచి కండిషన్, ఆసక్తి ఉన్నవారే సంప్రదించండి’. అరుదైనదని మీరు చెబితే కాదు, కొనేవాడికి అనిపించాలి. దాన్ని ఇలా మార్చండి: ‘మ్యాచ్‌బాక్స్ పాల వ్యాను, అడుగున లెస్నీ ఇంగ్లండ్ అని ఉంది. చక్రాలు నాలుగూ తిరుగుతాయి. కప్పు మీద రెండు చోట్ల రంగు పోయింది, మూడో ఫొటో చూడండి. అట్టపెట్టె లేదు. ధర ఇంత, పంపే ఖర్చు అదనం.’ లోపం మీరే ముందు చెప్పడంతో సగం ప్రశ్నలు తగ్గుతాయి, వస్తువు చేరాక గొడవలూ తగ్గుతాయి.

ఫొటోలకు కిటికీ పక్కన పగటి వెలుగు, కింద తెల్ల చార్టు సరిపోతుంది. ఫ్లాష్ వద్దు. పోర్ట్రెయిట్ మోడ్ అసలే వద్దు, బొమ్మ అంచుల్ని కూడా మసకబార్చేస్తుంది. కొత్త ఫోన్లలో ఫొటోను తనంతట తానే మెరుగుపరిచే ఏఐ సౌకర్యం ఉంటే దాన్నీ ఆపండి. గీతల్ని చెరిపేస్తే కొనేవాడు మోసమంటాడు, అతని తప్పేమీ ఉండదు. ఆరు వైపులా తీయండి, ఒక ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి. ఒక కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ రాసి బొమ్మ పక్కన ఉంచి ఇంకొకటి తీయండి. వస్తువు నిజంగా మీ దగ్గరే ఉందనడానికి సేకర్తల గుంపుల్లో అడిగే రుజువు అదే. అన్నిటికన్నా ముందు కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. లేకపోతే ఫొటో ఫైలులో మీ ఇల్లు ఎక్కడుందో కూడా వెళ్లవచ్చు.

ప్రశ్న: బొమ్మ రైలు అమ్మకానికి పెట్టిన కాసేపటికే ఒకాయన ఫోన్ చేశారు. సైన్యంలో ఉన్నానని, బేరం అక్కర్లేదని, ముందే డబ్బు పంపుతానని చెప్పి ఒక క్యూఆర్ కోడ్ పంపారు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందట. నమ్మవచ్చా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: నమ్మవద్దు. యూపీఐ పిన్ కొడితే డబ్బు బయటికి పోవడమో, బ్యాలెన్స్ కనిపించడమో జరుగుతుంది, లోపలికి రావడం ఎన్నడూ జరగదు. సొమ్ము అందుకోవడానికి మీరు స్కాన్ చేయాల్సిందీ, నొక్కాల్సిందీ ఏమీ లేదు. సైనికుడి ఫొటో, గుర్తింపు కార్డు చూపించి నమ్మించడం ఈ మోసగాళ్ల పాత ఎత్తు. బేరమాడకుండా బొమ్మ రైలు కొనేవాడిని చూసినప్పుడే అనుమానం రావాలి. డబ్బు పంపమని వ్యక్తి నుంచి వ్యక్తికి వచ్చే యూపీఐ అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిలిపివేసింది. దాంతో ఒక దారి మూసుకుపోయింది గానీ క్యూఆర్ దారి తెరిచే ఉంది.

దీనికి తమ్ముళ్లు ఇద్దరున్నారు. ఒకటి, డబ్బు వేసినట్టు నకిలీ స్క్రీన్‌షాట్ లేదా ఎస్ఎంఎస్ పంపడం. బ్యాంకు యాప్ తెరిచి ఖాతాలో పడిందని చూశాకే వస్తువు ఇవ్వండి. రెండోది, ‘పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టాను, మిగతాది వెనక్కి పంపండి’ అనే ఏడుపు. దానికీ అదే మందు, ముందు ఖాతా చూడండి. కొరియర్ బుకింగ్ కోసమని ఏదైనా యాప్ ఫైలు పంపితే తెరవకండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: బొమ్మలు తూకం వేస్తే 700 గ్రాములే. కొరియర్ వాళ్లు మూడు కిలోలకు డబ్బు అడుగుతున్నారు. మోసమా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: మోసం కాదు, వాళ్ల లెక్క అది. తూకంతో పాటు పెట్టె ఆక్రమించే చోటుకూ బరువు కట్టి, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్కువగా వాడే పద్ధతి. మీ పెట్టె 30, 25, 20 సెంటీమీటర్లు అన్నారు. గుణిస్తే 15,000, భాగిస్తే సరిగ్గా మూడు కిలోలు. చిన్న పెట్టెలోకి మార్చండి. ప్రతి బొమ్మకూ విడిగా కాగితం చుట్టి, ఆపైన గాలిబుడగల కవరు వేసి, ఊపితే చప్పుడు రాకుండా సర్దండి. ప్యాకింగ్‌ను మొదటి నుంచి టేపు వేసేదాకా ఒకే వీడియోగా తీసి ఉంచుకుంటే ‘పగిలి వచ్చింది’, ‘ఒకటి తగ్గింది’ అన్నప్పుడు అక్కరకొస్తుంది. బ్యాటరీలు తీసేయడం మరవకండి. కారిపోయి తెల్లటి పొడి కట్టి ఉంటే అది క్షారం. వెనిగర్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి బాగా ఆరనివ్వండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. నా పాత బొమ్మలు రాజమండ్రిలో ఉన్నాయి. నాన్నగారు పోస్టులో పంపితే ఇక్కడ అమ్ముకోవచ్చా? (ఒక పాఠకుడు)

జవాబు: గతంలో 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అమెరికాలో సుంకం ఉండేది కాదు. ఆ వెసులుబాటును 2025 ఆగస్టు 29తో ఆపేశారు. మన తపాలా శాఖ కూడా అప్పుడు అమెరికాకు చాలా రకాల పార్శిళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతిలో. కాబట్టి పంపించే ముందు పోస్టాఫీసులో ఆనాటి లెక్క అడగమనండి. ఖర్చు బొమ్మల ధరను మించితే, మీరు వచ్చినప్పుడు ఏరుకుని నాలుగు మంచివి పట్టుకెళ్లడం మేలు. అమ్మకానికి తెస్తున్నవని కస్టమ్స్ వారికి చెప్పాలి. ఆన్‌లైన్ అమ్మకాల సొమ్మును సైట్లు అక్కడి పన్ను శాఖకు తెలియజేసే పత్రం 1099-కె గురించి కూడా అడిగారు. ఏడాదిలో 20,000 డాలర్లు, 200 లావాదేవీలు రెండూ దాటితేనే ఆ పత్రం పంపాలన్న పాత పరిమితిని 2025లో తిరిగి తెచ్చారు. కొన్ని రాష్ట్రాల్లో పరిమితి ఇంకా తక్కువ. మీ పెట్టెతో అంత దూరం వెళ్లే ప్రమాదం లేదనుకుంటాను.

ప్రశ్న: క్యాసెట్లు పెట్టి ఆడే పాత టీవీ గేమ్ ఉంది. కొత్త టీవీకి తగిలించే దారి లేదు. ‘పరీక్షించలేదు’ అని రాసి అమ్మేయనా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: ‘పరీక్షించలేదు’ అంటే కొనేవాళ్లు ‘పనిచేయదు’ అనే చదువుకుంటారు. పసుపు, తెలుపు తీగలు తగిలించే ఏవీ–హెచ్‌డీఎంఐ కన్వర్టర్ చవగ్గా దొరుకుతుంది, తెప్పించండి. గేమ్ రాకుండా తెర మీద పిచ్చి గీతలు వస్తుంటే క్యాసెట్‌లోకి నోటితో ఊదకండి, తడి తగిలి బంగారు రంగు పళ్లు చిలుము పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ఆ పళ్లు తుడిచి, ఆరాక పెట్టండి. గేమ్‌తో పాటు వచ్చే, తెర మీది బాతుల్ని కాల్చే తుపాకీ మాత్రం కొత్త టీవీ మీద పనిచేయదు. అది పాత డబ్బా టీవీల తెర వెలిగే తీరును పసిగట్టి గురి లెక్కగట్టేది. అంటే తుపాకీ పాడైందని అర్థం కాదు, ఆ ముక్క ప్రకటనలో అలాగే రాయండి. గేమ్ ఆడుతున్న చిన్న వీడియో కూడా జత చేయండి.