సమాధానం: తమ్ముడు కండలు చాలవని కుమిలిపోతున్నాడు

అక్కా, మీ తమ్ముడు 78 కిలోలున్నా "పుల్లలా ఉన్నాను" అంటూ పెళ్లిళ్లకు కూడా రావడం లేదని రాశారు. విజయవాడ పటమటలో జిమ్ ట్రైనర్‌ని, ఇలాంటివాళ్లను చూశాను. ఒకబ్బాయి మే నెల ఎండలోనూ రెండు టీషర్టుల మీద హుడీ వేసుకొచ్చేవాడు, చేతులు సన్నగా కనిపిస్తాయని భయం. అది పట్టుదల అనుకుని నేను మెచ్చుకున్నాను. చాలా పొరపాటు చేశాను.

ఒంట్లో కండ ఉన్నా చాలదనిపించే ఈ మానసిక సమస్యను డాక్టర్లు మజిల్ డిస్మార్ఫియా అంటారు. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం, 2013 నాటి డీఎస్‌ఎం-5, దీన్ని ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు వదలకుండా వేధించే జబ్బు) తరహా జబ్బుల్లో చేర్చింది. అందుకే "బాగానే ఉన్నావురా" అని ఎంత చెప్పినా నమ్మడు. జిమ్ మాన్పించి గొడవ పడకండి. కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లేమైనా వాడుతున్నాడేమో మెల్లగా అడగండి; వాడుతుంటే డాక్టరు దగ్గర దాచొద్దు. సైకియాట్రిస్టుకు చూపించండి, ఆలోచించే తీరును మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్, అవసరమైతే మందులు ఇస్తారు. వాడు రానంటే ముందు మీరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.