బహుమతి వచ్చిన బొమ్మల పుస్తకాలను పిల్లలకు ఎలా చూపించాలి?

అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చిన పుస్తకాల్లో బొమ్మల గొప్పతనం ఆరేడేళ్ల పిల్లలకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలని అడిగారు. ముందు అట్ట మీదున్న ఆ బంగారు రంగు స్టిక్కర్‌ను ఒక కాగితం ముక్కతో కప్పేయండి. అది కనబడితే పిల్లలు మర్యాదకి "బాగుంది" అనేసి ఊరుకుంటారు. 1938 నుంచి ఏటా ఆ పతకం ఎవరికివ్వాలో తేలుస్తున్నది అమెరికా లైబ్రేరియన్ల కమిటీ. పెద్దవాళ్ల తీర్పు అది. పిల్లలకి నచ్చకపోవచ్చు. నచ్చనిది ఏ పేజీలో ఏ మూలనుందో వేలు పెట్టి చూపిస్తే చాలు, అదీ చూడటమే.

ఆ బహుమతి ఒక్క అందమైన బొమ్మకి వచ్చేది కాదు, బొమ్మలన్నీ కలిసి కథను నడిపిన తీరుకి. కాబట్టి ఏదో ఒక పేజీ తెరిచి "ఎంత బాగుందో చూడు" అంటే పాఠం అక్కడే చెడుతుంది. పేజీకీ పేజీకీ ఏం మారిందో పిల్లలే కనిపెట్టాలి.

1964లో పతకం వచ్చిన మారిస్ సెండాక్ పుస్తకం 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' ఇందుకు బాగా పనికొస్తుంది. అంగుళం వెడల్పున ఒక కాగితం పట్టీ కత్తిరించండి. తెరిచిన పుస్తకానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా సరిపోవాలి. ప్రతి పేజీలోనూ బొమ్మ కింద ఆ పట్టీ ఆనించి, బొమ్మ ఎంత మేర ఉందో పిల్లల చేతే పెన్సిల్‌తో గీత పెట్టించండి. మొదట్లో బొమ్మ చిన్నది, చుట్టూ బోలెడు తెల్ల జాగా. కథలోని పిల్లాడు మాక్స్ గదిలో చెట్లు మొలిచేకొద్దీ బొమ్మ ఆ తెలుపును తినేస్తుంది, పేజీ నిండుతుంది, మధ్య మడత దాటి ఎదుటి పేజీలోకి పాకుతుంది. మాక్స్ వింతజంతువులతో కలిసి గంతులేసే చోట వరసగా మూడుసార్లు రెండు పేజీలూ బొమ్మే, ఒక్క మాట లేదు. అక్కడ ఆగి "మాటలు ఎటు పోయాయి?" అని అడగండి. పట్టీ చూసుకుని వాళ్లే చెబుతారు. మాక్స్ ఇంటికొచ్చే తిరుగుదారిలో బొమ్మ తగ్గుతుంది గానీ మొదటి కొలతకు రాదు. కిటికీలో చంద్రుడు కూడా మొదట నెలవంక, చివర నిండు చంద్రుడు. ఇది మీరు చెప్పొద్దు. "మొదటి గది ఓసారి తీయి" అనండి, అంతే. మెట్ల దగ్గర గోడకి మాక్స్ గీసిన వింతజంతువు బొమ్మ రెండో విడతలో గానీ ఎవరికీ కనబడదు.

చెడేదంతా చదివే పెద్దవాళ్ల వల్లే. మన కళ్లు అక్షరాల మీదుంటాయి, వాక్యం అవగానే పేజీ తిప్పేస్తాం. పిల్లాడి చూపు అప్పటికింకా బొమ్మ మూలలో ఉంటుంది. అందుకే మొదటి విడత అసలు చదవకండి. పేజీ తిప్పే హక్కు పిల్లలది, మీ పని మనసులో పది లెక్కపెట్టుకోవడం. ఒక పుస్తకానికి నలుగురికి మించి కూర్చోబెట్టొద్దు, పక్కనుంచి చూసేవాళ్లకి మడత దగ్గరి బొమ్మ కనబడదు. ఫోన్‌లో ఒక్కో పేజీ విడిగా చూపించడమంటే మరీ అన్యాయం, రెండు పేజీల బొమ్మను నడుముకి నరికినట్టే. "బాగుందా?", "నీకే రంగు ఇష్టం?" లాంటి ప్రశ్నల వల్ల ఏమీ రాదు. "అది నీకెలా తెలిసింది?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ తర్వాత వర్క్‌షీట్ ఇచ్చేవాళ్లకో దండం.

మాటొకటి, బొమ్మొకటి చెప్పే పుస్తకాలు కూడా కొన్ని చూపించండి. జాన్ క్లాసెన్ గీసిన 'దిస్ ఈజ్ నాట్ మై హ్యాట్' (2013 పతకం) అలాంటిదే: నిద్రపోతున్న పెద్ద చేప టోపీ కాజేసిన దొంగ చేప, అది ఇప్పట్లో లేవదని ధీమాగా చెబుతుంటే, బొమ్మలో ఆ పెద్ద చేప కన్ను తెరుచుకునే ఉంటుంది.

తర్వాత చేతులకు పని చెప్పాలి. ఎజ్రా జాక్ కీట్స్ 'ద స్నోయీ డే' (1963 పతకం) ఎక్కువగా కాగితం కత్తిరింపుల బొమ్మలతో సాగుతుంది. మంచు పలుకులు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు ముక్కలతో చేసిన అచ్చులు, రాత్రి గదిలోని చుక్కలు టూత్‌బ్రష్‌తో చిమ్మిన సిరా. రెండూ పిల్లలు చేయగలిగినవే. రబ్బరు మీద నమూనా పిల్లలు గీస్తారు, బ్లేడు మాత్రం మీ చేతిలోనే ఉండాలి. తెల్లగా మిగలాల్సిన భాగాన్ని చెక్కేయాలి. రంగు స్పాంజి మీద పోసి అద్దండి, గిన్నెలో ముంచితే గాట్లు పూడిపోయి అచ్చు ముద్దవుతుంది. చిమ్మడానికి రంగు మజ్జిగలా కాకుండా కాస్త చిక్కగా కలపండి, పల్చనైతే చుక్కలకి బదులు మరకలు పడతాయి. బ్రష్‌ను కాగితానికి జానెడు ఎత్తున పట్టుకుని, బొటనవేలిని బ్రష్ కుచ్చు మీదుగా తమవైపుకి లాగాలి. అటువైపు తోస్తే రంగంతా చొక్కా మీదే.

ఆరాక ఆ కాగితాన్ని పుస్తకం పక్కన పెట్టి, అలాంటి చుక్కలు ఏ పేజీలో ఉన్నాయో వెతకమనండి.